జిల్లా కేంద్రంలో విదేశీ వ్యవహారాల ఉపన్యాస సంఘం: సమస్యలు, పరిష్కారాలు

నల్లగొండలో నెలకొకసారి విదేశీ వ్యవహారాల మీద ఉపన్యాసం ఏర్పాటు చేసే ఒక చిన్న సంఘానికి నేను కార్యదర్శిని. ఏడాది చందా 300 రూపాయలు. ఇలాంటి సంఘమే పెట్టుకున్న మహబూబ్‌నగర్, సూర్యాపేట మిత్రులు ఫోను చేసినప్పుడు చెప్పే కష్టాలు దాదాపు ఒక్కటే. అందుకే మేము పడిన చిక్కులనూ, వాటిని విప్పుకున్న తీరునూ ఒకచోట రాస్తున్నాను. మీ సభలో కనబడుతున్న లక్షణం ఏదో చూసుకుని ఆ భాగానికి వెళ్లవచ్చు. మొదటిది మాత్రం అందరూ చదవండి. మిగతా చిక్కుల్లో సగం అక్కడే పుడతాయి.

సమస్య: మొదటి సభకు హాలు నిండింది, మూడో సభకు 14 మందే వచ్చారు

"జిల్లాలో వీటి మీద ఆసక్తి ఎవరికుంటుంది?" అని తేల్చేసి సంఘాన్ని మూసేసినవాళ్లున్నారు. ఆ మాట నేను ఒప్పుకోను. మా రెండో సభ అంశం 'బహుళ ధ్రువ ప్రపంచంలో భారత్'. వక్త బాగా చదువుకున్న మనిషి, చెప్పినదాంట్లో తప్పు లేదు. అయితే ముందు వరుసలో కూర్చున్న ధాన్యం వ్యాపారికి ఆ గంటసేపట్లో తన ఊరు ఒక్కసారి కూడా కనబడలేదు. ఆయన మళ్లీ రాలేదు. కారణం ఆసక్తి లేకపోవడం కాదు, అంశాన్ని మేము ఎంచుకున్న తీరు.

పరిష్కారం: ఊళ్లో మొదలుపెట్టి ప్రపంచంలోకి నడవాలి. మాకు దారి చూపింది బియ్యం. 2022 సెప్టెంబరులో కేంద్రం నూకల ఎగుమతిని నిషేధించింది. 2023 జూలై 20న బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని ఆపేసింది. ఆ వారమే అమెరికాలో భారతీయ దుకాణాల ముందు సోనా మసూరి సంచుల కోసం మనవాళ్లు బారులు తీరారు. ఆగస్టు 25న ఉప్పుడు బియ్యం మీద 20 శాతం సుంకం పడింది. తెల్ల బియ్యం మీద నిషేధం 2024 సెప్టెంబరు 28న గాని తొలగలేదు. ప్రపంచ బియ్యం ఎగుమతుల్లో మన దేశం వాటా సుమారు 40 శాతం. మిర్యాలగూడ మిల్లులున్న జిల్లాలో విదేశీ వ్యవహారాలకు ఇంతకంటే దగ్గరి దారి ఏముంటుంది?

ఆ సభకు ఒక విశ్రాంత అర్థశాస్త్ర అధ్యాపకుడిని పిలిచాం. ఆయన ఇంటి నుంచి మూడు స్టీలు గిన్నెలు తెచ్చి బల్ల మీద వరుసగా పెట్టారు. ఒకదాంట్లో నూకలు, ఒకదాంట్లో పచ్చి బియ్యం, మూడోదాంట్లో ఉప్పుడు బియ్యం. ఒక్కో గిన్నె చేతిలోకి తీసుకుని, "ఇది ఎక్కడికి వెళుతుంది, ఎవరు తింటారు, మనం ఆపితే ఎవరింట్లో ఏమవుతుంది" అని చెప్పుకుంటూ వెళ్లారు. నూకలు పశ్చిమ ఆఫ్రికాలోని సెనెగల్‌కు, ఉప్పుడు బియ్యం బెనిన్‌కు. సెనెగల్‌లో చేపలతో కలిపి వండే పేరున్న వంటకానికి నూకలే వాడతారని ఆయన చెప్పగానే వెనుక వరుసలో ఒక మిల్లు హమాలీ లేచాడు. "మా ఇంట్లో నూకలు కోళ్లకు వేస్తాం సార్. అక్కడ చుట్టాలొస్తే అదే పెడతారా?" అని అడిగాడు. ఆ ప్రశ్నతో సభ మరో ముక్కాలుగంట నడిచింది. ఒక దేశం తన ప్రజల కడుపు చూసుకోవడానికి తీసుకున్న నిర్ణయం ఇంకో దేశపు వంటింటిని ఎలా తాకుతుందో అక్కడున్న అందరికీ అర్థమైంది. వెనుకటి సభలో వక్త 'పరస్పరాధారం' అన్నది దీన్నే.

మహబూబ్‌నగర్ వారికి వేరే దారులున్నాయి. జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్ (ప్రత్యేక ఆర్థిక మండలి)లో మందుల కంపెనీలున్నాయి. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ తనిఖీదారులు మన దేశపు ఫ్యాక్టరీలకు ఎందుకు వస్తారు, వాళ్లు రాసే నివేదికకు అంత బలం ఎక్కడిది అన్నది ఒక పూట ఉపన్యాసం. పోచంపల్లి, పుట్టపాక వైపు వాళ్లు నేత నుంచి మొదలుపెట్టవచ్చు. ఇప్పుడు పుట్టపాకలో నేస్తున్న తేలియా రుమాలు ఒకప్పుడు అరబ్బు దేశాలకు ఓడలెక్కిన బట్ట. సాగర్ వాళ్లకైతే ఇంకా పాత సంబంధం ఉంది. నాగార్జునకొండలో దొరికిన ఇక్ష్వాకుల కాలపు శాసనం ఒకటి సింహళ భిక్షువులను ప్రస్తావిస్తూ కాశ్మీరం, గాంధారం, చైనాల పేర్లు చెబుతుంది. 1,700 ఏళ్ల క్రితమే ఈ కృష్ణ ఒడ్డున విదేశీ వ్యవహారాలు నడిచాయి.

అంశం నిర్ణయించాక మేము ఒక పరీక్ష పెట్టుకున్నాం. దాన్ని ఒకే వాక్యంలో రాసి, సంఘంతో సంబంధం లేని ఒకరికి చదివి వినిపిస్తాం. ఆయన తిరిగి ఏదో ఒకటి అడిగితే అంశం పనికొస్తుంది. "మంచిదండీ" అని ఊరుకుంటే మళ్లీ రాస్తాం.

సమస్య: వక్త గొప్పవారే, కానీ సగంలో జనం ఫోన్లు చూసుకుంటున్నారు

ఎక్కువసార్లు ఇది భాష వల్ల వస్తుంది. హైదరాబాద్ నుంచి వచ్చే ఆచార్యులు, విశ్రాంత దౌత్యాధికారులు ఏళ్ల తరబడి ఇంగ్లీషులోనే ఈ విషయాలు మాట్లాడినవాళ్లు. తెలుగులో చెప్పాలన్న కోరిక వారికీ ఉంటుంది, మాట వెంటనే దొరకదు. సభకు వారం ముందు ఫోనులో అరగంట మాట్లాడండి. ఎవరు వస్తారో, ఏ పని చేస్తారో చెప్పండి. వారు వాడబోయే పది పన్నెండు పదాలు అడిగి తెలుసుకుని, వాటికి పత్రికల్లో వాడుకలో ఉన్న తెలుగు మాటలు ఒక కాగితం మీద రాసి ముందే పంపండి. సుంకం, ఆంక్షలు, సరిహద్దు రేఖ, సంయుక్త ప్రకటన, వీటో. ఆ కాగితం నకళ్లు సభలో కూడా పంచితే విద్యార్థులు ఇంటికి తీసుకెళతారు.

రెండో కారణం, ఆ దేశం ఎక్కడుందో వినేవారికి కళ్ల ముందు లేకపోవడం. పవర్‌పాయింట్ కంటే పెద్ద గ్లోబు ఒకటి కొనండి. 2023 నవంబరు నుంచి ఎర్ర సముద్రంలో యెమెన్‌కు చెందిన హౌతీ తిరుగుబాటుదారులు ఓడల మీద దాడులు మొదలుపెట్టినప్పుడు మేము గ్లోబు మీద దారంతో చూపించాం. ముంబయి నుంచి సూయెజ్ కాలువ మీదుగా ఐరోపాకు ఎర్ర దారం, ఆఫ్రికా కొస చుట్టూ తిరిగి అదే రేవుకు నల్ల దారం. రెండూ విప్పి పక్కపక్కన పట్టుకుంటే నల్లది ఎంత పొడవో పిల్లలు కూడా చెప్పారు. ఆ తేడాయే ఓడకు రెండు వారాల దాకా అదనపు ప్రయాణం, అంత మేర ఇంధనం, పెరిగిన రవాణా చార్జీ. చదును పటం మీద మాత్రం ఈ పని చేయకండి, దూరాలు తప్పుగా కనిపిస్తాయి.

సమస్య: సమయమంతా సన్మానాలకే పోతోంది

దీని మీద నాకు గట్టి అభిప్రాయం ఉంది. ఒక సభలో జ్యోతి ప్రజ్వలన, వేదిక మీదికి తొమ్మిది మంది, తొమ్మిది శాలువాలు, తొమ్మిది చిన్న ప్రసంగాలు అయ్యేసరికి గంటంబావు గడిచింది. వంద కిలోమీటర్లు ప్రయాణం చేసి వచ్చిన వక్తకు మిగిలింది పాతిక నిమిషాలు. కారణం మన మర్యాదే. పిలిచినవారిని కింద కూర్చోబెట్టలేం. కాబట్టి నియమం సంఘం పేరిట ఉండాలి, కార్యదర్శి నోటి మాటగా కాదు. సర్వసభ్య సమావేశంలో తీర్మానం చేయించండి: వేదిక మీద రెండే కుర్చీలు, ఒకటి వక్తకు, ఒకటి సభ నడిపేవారికి. శాలువా చివర్లో, ఒక్కటే. ఇక ఎవరు అడిగినా తీర్మానం చూపించవచ్చు, ఎవరూ నొచ్చుకోరు. ఆహ్వాన పత్రం మీద పేర్లు తగ్గితే ముద్రణ ఖర్చూ తగ్గుతుంది.

సమస్య: ప్రశ్నల సమయం పార్టీల గొడవగా మారుతోంది

చైనా సరిహద్దు, పాకిస్తాన్, గాజా లాంటి అంశాలు వస్తే ఇది తప్పదు. మైకు చేతికి వచ్చినవారు ప్రశ్న అడగరు, ప్రసంగం చేస్తారు. ఎదుటివారు బదులిస్తారు. పదిమంది లేచి వెళ్లిపోతారు. మైకును జనంలోకి పంపడమే దీనికి మూలం.

చీటీల పద్ధతి పెట్టండి. ప్రవేశంలోనే ప్రతి ఒక్కరికీ అరచేతి అంత కాగితం, పెన్సిలు ఇవ్వాలి. ఉపన్యాసం అయ్యాక పది నిమిషాలు టీ. ఆ పది నిమిషాల్లో ఇద్దరు సభ్యులు చీటీలు విడదీసి, ఒకే ప్రశ్న నాలుగు చీటీల్లో ఉంటే ఒకటిగా కలిపి, అడిగినవారి పేరుతో చదువుతారు. ఇందులో ఇంకో మేలు ఉంది. నలుగురిలో లేచి మాట్లాడటానికి మొహమాటపడేవారు చీటీ మీద చక్కటి ప్రశ్న రాస్తారు. మాకు వచ్చిన మంచి ప్రశ్నల్లో చాలావరకు అలా వచ్చినవే. ఘాటైన ప్రశ్నను పక్కన పడేయకండి. చీటీలు ఏరేవారు తమకు నచ్చనివి దాచేస్తున్నారన్న అనుమానం ఒక్కసారి వస్తే సంఘం చీలిపోతుంది. అందుకే ఆ ఇద్దరినీ వేర్వేరు అభిప్రాయాలున్నవారిలోంచి ఎంచుతాం, మిగిలిన చీటీలను సభ అయ్యాక బల్ల మీదే ఉంచుతాం.

సమస్య: మహిళలు రావడం లేదు

సాయంత్రం ఆరున్నరకు సభ పెట్టి, ఎనిమిదిన్నరకు వదిలి, వాళ్లు రాలేదని బాధపడటంలో అర్థం లేదు. దేవరకొండ, మిర్యాలగూడ బస్సులు అందుకోవలసిన మగవాళ్లకే అది ఇబ్బంది. మేము ఆదివారం మధ్యాహ్నం మూడున్నరకు మార్చాం. 2025 సెప్టెంబరులో అమెరికా కొత్త హెచ్-1బి ఉద్యోగ వీసా దరఖాస్తుల మీద లక్ష డాలర్ల రుసుము ప్రకటించినప్పుడు, ఆ వీసా ఎలా పనిచేస్తుందో చెప్పే సభ పెడితే, పిల్లలు అక్కడ చదువుకుంటున్న తల్లులు పెద్ద సంఖ్యలో వచ్చారు. కొందరి చేతుల్లో పిల్లలు వాట్సాప్‌లో పంపిన ప్రశ్నల జాబితాలున్నాయి. వాళ్లలో చాలామంది తర్వాతి సభలకూ వచ్చారు.

పోటీ పరీక్షల విద్యార్థుల సంగతి వేరు. సివిల్స్ మెయిన్స్ రెండో జనరల్ స్టడీస్ పత్రంలో అంతర్జాతీయ సంబంధాలు ఉన్నాయి కాబట్టి వాళ్లు వస్తారు. సభను శిక్షణ తరగతిగా మార్చమని కూడా అడుగుతారు. మార్చవద్దు. జిల్లా గ్రంథాలయంలో విడిగా ఒక గంట కూర్చుని చదువుకునే ఏర్పాటు చేస్తే చాలు.

సమస్య: వక్త చివరి నిమిషంలో రాలేనన్నారు, లేదా దారిలో చిక్కుకున్నారు

ఆదివారం ఎల్బీనగర్ దాటడానికే గంట పట్టవచ్చు. పెళ్లి ముహూర్తాలుంటే చౌటుప్పల్ దాకా అదే పరిస్థితి. మహబూబ్‌నగర్ వారికి శంషాబాద్ వైపు కాస్త నయం. వక్తను భోజనానికే పిలవండి, సభకు రెండు గంటల ముందు ఊళ్లో ఉంటారు. పంచాంగం చూసి, ముహూర్తాలు ఎక్కువగా ఉన్న ఆదివారాన్నీ, కోతల రోజుల్నీ వదిలేయండి.

అయినా రాకపోతే సభ రద్దు చేయకండి. విదేశాంగ శాఖ వెబ్‌సైటులో పర్యటనల తర్వాత వచ్చే సంయుక్త ప్రకటనలు పెడతారు. ఒకటి తీసుకుని నకళ్లు పంచి, పేరా పేరా చదివి, ఏ మాట ఎందుకు రాశారో చర్చించండి. మేము ఇలాంటి ప్రకటన ఒకటి ఎప్పుడూ సంచిలో ఉంచుకుంటాం. గల్ఫ్‌లో పదేళ్లు పనిచేసి వచ్చినవారు మీ సభ్యుల్లోనే ఉండవచ్చు. ముందే అడిగి పెట్టుకోండి. వక్తలు అసలే దొరకడం లేదంటే, 1943లో ఏర్పడి ఢిల్లీలోని సప్రూ హౌస్ నుంచి పనిచేసే భారత ప్రపంచ వ్యవహారాల మండలికి ఉత్తరం రాయండి. మన పాలమూరు, మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయాల రాజనీతి, అర్థశాస్త్ర అధ్యాపకులను కూడా అడగండి.

సమస్య: చందాలు తిరిగి కట్టడం లేదు

డబ్బు కార్యదర్శి సొంత ఫోన్‌పే నంబరుకు వస్తుంటే ఇది ఖాయం. ఎవరూ పైకి అనరు, లోపల అనుకుంటారు. 7 మంది సభ్యులుంటే సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 కింద జిల్లా రిజిస్ట్రార్ దగ్గర నమోదు చేసుకోవచ్చు. సంఘం పేరిట పాన్, బ్యాంకు ఖాతా, ఆ ఖాతాకే క్యూఆర్ కోడ్, వరుస నంబర్లున్న రసీదు పుస్తకం. ఏటా సర్వసభ్య సమావేశం తర్వాత కార్యవర్గ జాబితాను రిజిస్ట్రార్‌కు సమర్పించడం మరిచిపోవద్దు. జమాఖర్చుల కాగితం ఒకటి ప్రతి సభలో తలుపు దగ్గర అంటించండి.

సమస్య: అమెరికా నుంచి విరాళం పంపుతామంటున్నారు

సంతోషంతో ఖాతా నంబరు ఇచ్చేయకండి. పంపేవారి పాస్‌పోర్టు ఏ దేశానిదో ముందు అడగండి. భారత పాస్‌పోర్టు ఉన్న ప్రవాసి తన సొంత పొదుపు నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవారు, ఓసీఐ (విదేశీ పౌరసత్వమున్న భారత సంతతివారికి ఇచ్చే) కార్డు ఉన్నా సరే, చట్టం దృష్టిలో విదేశీ మూలమే. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, 2010 కింద నమోదు గాని, ముందస్తు అనుమతి గాని లేకుండా వారి విరాళం తీసుకోకూడదు. నమోదు ఉన్నవారు కూడా ఢిల్లీలోని ఎస్‌బీఐ ప్రధాన శాఖ ఖాతాలోనే అందుకోవాలి. 300 రూపాయల చందాతో నడిచే సంఘానికి అంత భారం అక్కరలేదు. చుట్టుదారులు వెతకవద్దు. ఆ అబ్బాయికో అమ్మాయికో కృతజ్ఞత చెప్పి, డబ్బుకు బదులు వీడియోలో ఒక గంట మాట్లాడమని అడగండి.

సమస్య: ప్రశ్నకు వక్త దగ్గర జవాబు లేదు

దీన్ని లోపంగా చూడకండి. ఒక పుస్తకం పెట్టి, ఆ ప్రశ్నను తేదీతో రాసి, వచ్చే సభను దానితోనే మొదలుపెట్టండి. 2025 మార్చిలో తెలంగాణ బియ్యం కాకినాడ రేవు నుంచి ఫిలిప్పీన్స్‌కు బయలుదేరిన వార్త చూసి ఒక ఇంటర్ విద్యార్థిని చీటీ రాసింది: "మన బియ్యానికి వాళ్లు డబ్బు ఏ కరెన్సీలో ఇస్తారు, మధ్యలో దాని విలువ పడిపోతే నష్టం ఎవరిది?" మా పుస్తకంలో ఇంకా జవాబు పడని ప్రశ్న అదొక్కటే. విదేశాలకు బియ్యం పంపిన అనుభవమున్న మిల్లరు ఒకరు వచ్చే నెల వస్తానన్నారు.