ప్రేమికుల రోజు డిన్నర్ ఇంట్లోనే చేయడం ఎలా?

ఫిబ్రవరి 14న ఇంట్లో వండి పెడదామనుకునే వాళ్లు ఎక్కువగా చేసే తప్పు ఒకటుంది. ఎప్పుడూ చేయని ఐదారు వంటకాలు పెట్టుకుని, సాయంత్రం ఆరింటికి మొదలుపెట్టి, తొమ్మిదిన్నరకి చెమటలు తుడుచుకుంటూ వడ్డిస్తారు. ఎదురు చూసిన మనిషికి అప్పటికి ఆకలే చచ్చిపోయి ఉంటుంది. ఏళ్ల తరబడి ఈ డిన్నర్ చేస్తున్నాను కాబట్టి గట్టిగా చెప్తున్నా: వాళ్లు తినడానికి కూర్చున్నప్పుడు మీరూ పక్కన కూర్చోగలగాలి. అలా కుదరని వంటకం ఎంత గొప్పదైనా ఈ రోజుకి పనికిరాదు.

మూడు చాలు. ఒక సూప్, ఒక పాస్తా, చివర్లో చాక్లెట్ లావా కేక్, అంటే కోయగానే లోపలి నుంచి జారుగా చాక్లెట్ కారే కేక్. వాళ్లకు పడనివేమిటో, అలర్జీ ఉన్నవేమిటో ముందే అడగండి. సర్‌ప్రైజ్ పాడవుతుందని మొహమాటపడకండి, గింజలు పడని మనిషికి బాదం వేసిన సూప్ పెట్టడం కంటే అడగడమే ప్రేమ.

సూప్, పాస్తాకి టమాటా సాస్ ముందు రోజు రాత్రే చేసి ఫ్రిజ్‌లో పెట్టేయండి. సాస్ మరుసటి రోజుకి ఇంకా బాగుంటుంది. పాస్తా మాత్రం అప్పటికప్పుడే ఉడకాలి. నీళ్లలో ఉప్పు బాగా వేసి, ప్యాకెట్ మీద రాసిన టైమ్ కంటే ఒక నిమిషం ముందే తీసి, ఉడికిన నీళ్లు ఒక కప్పు పక్కన పెట్టుకుని, వేడి సాస్‌లో వేసి కాసిని ఆ నీళ్లు పోస్తూ కలపండి. ఇందులో కష్టమేమీ లేదు.

టేబుల్ మీద కొవ్వొత్తులు వాసన లేనివే వాడాలి. సెంటు కొవ్వొత్తి పక్కన ఏం తిన్నా సబ్బు తిన్నట్టే ఉంటుంది. పూలు ముఖానికి అడ్డం రాకుండా పొట్టిగా కత్తిరించి పెట్టండి. ఫోన్లు ఇంకో గదిలో ఉండాలి, ఇద్దరివీ.

ఇక లావా కేక్. అసలు పని ఇక్కడే ఉంది, దయచేసి నిదానంగా చదవండి.

ఇద్దరికి 60 గ్రాముల డార్క్ చాక్లెట్, 60 గ్రాముల వెన్న, ఒక గుడ్డు, ఇంకో గుడ్డులోని పచ్చసొన, 30 గ్రాముల చక్కెర, ఒక టేబుల్ స్పూన్ మైదా. చాక్లెట్, వెన్న ఉన్న గిన్నెను మరుగుతున్న నీళ్ల పైన పెట్టి కరిగించండి, గిన్నె అడుగు నీళ్లకు తగలకూడదు. కరిగే చాక్లెట్‌లో చుక్క నీళ్లు పడ్డా బిగుసుకుపోయి ఇసకలా తయారవుతుంది, అందుకే గరిటె కూడా పొడిగా ఉండాలి. గోరువెచ్చగా అయ్యాకే, చక్కెరతో గిలకొట్టిన గుడ్లు కలపండి, వేడి మీద పోస్తే గుడ్డు ఉడికి ముక్కలు కడుతుంది. చివర్లో మైదా వేసి, తెల్లగా కనిపించకుండా పోయేదాకా మాత్రమే కలపండి. వెన్న రాసి కోకో పొడి చల్లిన రెండు చిన్న కప్పుల్లో పోసి, మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. ఇదంతా మధ్యాహ్నమే అయిపోతుంది.

ఓవెన్‌ను 220 డిగ్రీలకు పూర్తిగా వేడెక్కనివ్వాలి, కనీసం పావుగంట. పాస్తా తినడం అయిపోవస్తుండగా కప్పులు లోపల పెట్టండి. ఫ్రిజ్‌లోంచి తీసినవైతే 10 నుంచి 12 నిమిషాలు. ఈ లెక్కను నమ్మి టైమర్ పెట్టి వదిలేయకండి. ప్రతి ఓవెన్ తీరు వేరు, లోహపు కప్పులో పింగాణీ కంటే త్వరగా అవుతుంది. తొమ్మిదో నిమిషం నుంచి అద్దంలోంచి చూస్తూ ఉండండి. అంచు గట్టిపడి, పైన మెరుపు పోయి, నడిమధ్య రూపాయి బిళ్లంత మేర కప్పు కదిపితే ఊగుతుండాలి. అప్పుడే తీసేయాలి. ఒకసారి మాటల్లో పడి మూడు నిమిషాలు ఆలస్యంగా తీశాను, లోపల లావా లేదు, మామూలు కేకే. మరీ ముందు తీస్తే బోర్లించగానే కూలిపోతుంది. అందుకే ముందు వారం ఒక్క కప్పు పెట్టి మీ ఓవెన్‌కి ఎన్ని నిమిషాలో చూసి రాసిపెట్టుకోండి. మైక్రోవేవ్‌లో రెండు నిమిషాల్లో అవుతుందని చెప్పేవాళ్ల మాట వినకండి, బయట అంచు గట్టిపడి లోపల జారుగా మిగిలే ఆ తేడా అందులో సరిగా రాదు. ఇంకో జాగ్రత్త, లోపల గుడ్డు పూర్తిగా ఉడకదు కాబట్టి గర్భిణులకు ఇది పెట్టకండి.

బయటికి తీశాక ఒక్క నిమిషం ఆగండి. అంచు చుట్టూ సన్నటి చాకు తిప్పి, కప్పు మీద ప్లేటును బోర్లించి పట్టుకుని, రెండింటినీ కలిపి తిప్పేయండి. కప్పు పైకెత్తేటప్పుడు లాగకండి, పది సెకన్లు ఆగితే దానంతటదే వదులుతుంది. వెంటనే తినాలి, చల్లారేకొద్దీ లోపలిది గట్టిపడుతుంది. స్పూన్ వాళ్ల చేతికే ఇవ్వండి, మొదటి ముక్క వాళ్లే కోయాలి. గిన్నెలు పొద్దున తోముకోవచ్చు.