పీహెచ్‌డీలో చేరారా? యూనివర్సిటీ నుంచి రావాల్సినవి అడిగి తీసుకోండి

పీహెచ్‌డీలో చేరిన కొత్తలో ఎవరూ కూర్చోబెట్టి ఏమీ చెప్పరు. ఫీజు కట్టించుకుంటారు, హాస్టల్ ఫారం ఇస్తారు, గైడ్ గారిని కలవమంటారు, అంతే. స్కాలర్‌కి శిక్షణ, పర్యవేక్షణ, డబ్బు, సెలవుల విషయంలో యూనివర్సిటీ ఏం చేయాలో కాగితం మీద బాగానే రాసి ఉంది, కాకపోతే అది అడిగినవాళ్లకే అందుతుంది. అందుకని మొదటి వారంలోనే రెండు కాగితాలు సంపాదించండి. ఒకటి యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) 2022 నవంబరులో తెచ్చిన పీహెచ్‌డీ నిబంధనలు, రెండోది వాటి మీద మీ యూనివర్సిటీ రాసుకున్న సొంత రూల్స్. వెబ్‌సైట్‌లో దొరక్కపోతే రీసెర్చ్ సెక్షన్‌కి వెళ్లి అడగండి. సీనియర్లు చెప్పే మాటల్లో చాలా వరకు 2016 నాటి పాత రూల్సే ఉంటాయి. థీసిస్ ఇచ్చేలోపు జర్నల్ పేపర్ తప్పనిసరి అనేది అలాంటిదే, యూజీసీ 2022లో ఆ షరతు తీసేసింది. కొన్ని యూనివర్సిటీలు మాత్రం సొంతంగా ఉంచుకున్నాయి, మీది ఏ కోవలోదో ముందే చూసుకోండి.

కోర్స్ వర్క్, అంటే క్లాసులకెళ్లి చదివే పేపర్లు, కనీసం 12 క్రెడిట్లు ఉంటుంది, 55 శాతం మార్కులు రావాలి. అందులో 2 క్రెడిట్లు పరిశోధన, ప్రచురణల నైతికత గురించిన పేపర్‌కి. చాలామంది దీన్ని పరీక్ష రాసి వదిలేసే తంతులా చూస్తారు. అలా చేయకండి, అసైన్‌మెంట్లన్నీ మీ టాపిక్ చుట్టూనే రాయండి. ఏడాది తిరిగేసరికి లిటరేచర్ రివ్యూలో మంచి భాగం చేతికొస్తుంది.

ఇక అన్నిటికన్నా ఎక్కువగా వాడుకోవాల్సింది, అందరూ భయపడి తప్పించుకునేది ఆర్‌ఏసీ, అంటే రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ. ప్రతి సెమిస్టర్‌లో మీరు దాని ముందు కూర్చుని పని ఎంతవరకు వచ్చిందో చెప్పాలి. చాలా డిపార్ట్‌మెంట్లలో ఇది పది నిమిషాల్లో ముగిసిపోతుంది, టీ బిస్కెట్లతో సహా. కానీ కమిటీ సిఫార్సుల కాపీ స్కాలర్‌కి ఇవ్వాలని, పని బాగాలేదంటే కారణాలు రాసి ఎలా సరిదిద్దుకోవాలో కూడా చెప్పాలని నిబంధనల్లోనే ఉంది. ఆ కాపీ అడిగి తీసుకోండి, ఫైల్లో పెట్టుకోండి. రేపు గైడ్ మారినా, కమిటీలో కొత్తవాళ్లు వచ్చి అసలు ఈ టాపిక్ ఎవరు ఒప్పుకున్నారని అడిగినా, మీ తరఫున మాట్లాడేది ఆ కాగితమే. మీటింగ్‌కి వారం ముందే రెండు పేజీల రిపోర్టు అందరికీ పంపండి, చివర్లో మీకు తేలని ప్రశ్నలు రెండు మూడు రాయండి. ప్రశ్న మీరు ఇవ్వకపోతే వాళ్లు ఫాంట్ సైజు గురించీ మార్జిన్ల గురించీ మాట్లాడి వెళ్లిపోతారు.

డబ్బు సంగతి. జేఆర్‌ఎఫ్ (నెట్ పరీక్షతో వచ్చే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) ఉన్నవాళ్లకి మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత ఎస్‌ఆర్‌ఎఫ్‌కి, అంటే సీనియర్ ఫెలోషిప్‌కి 42,000, దాని మీద హెచ్‌ఆర్‌ఏ (ఇంటద్దె భత్యం). మీరు ఆ నెల పనిచేశారని యూనివర్సిటీ వాళ్లు పోర్టల్‌లో ప్రతి నెలా ధ్రువీకరిస్తేనే డబ్బు కదులుతుంది. ఒకరు ఎక్కిస్తారు, ఇంకొకరు సరిచూస్తారు, ఇద్దరిలో ఒకరు సెలవులో ఉన్నా మీది ఆగిపోతుంది. అందుకే ఆ ఇద్దరూ ఎవరో పేర్లు తెలుసుకుని ఉండండి. రెండేళ్లు నిండాక ఎస్‌ఆర్‌ఎఫ్ దానంతట అది రాదు, కమిటీ పనిని చూసి సిఫార్సు చేయాలి, కాబట్టి ఒకటి రెండు నెలల ముందే కాగితాలు కదపండి. పుస్తకాలకీ ఫీల్డ్‌వర్క్‌కీ వచ్చే కంటింజెన్సీ వేరే, దానికి బిల్లులు కావాలి. చేతిరాత చిట్టీ పెడితే అకౌంట్స్ సెక్షన్ ఏ మొహం పెడుతుందో చెప్పక్కర్లేదు.

జేఆర్‌ఎఫ్ లేనివాళ్లకి పరిస్థితి కష్టమే. సెంట్రల్ యూనివర్సిటీల్లో నాన్-నెట్ ఫెలోషిప్ నెలకు 8,000 అయినా ఉంది, మన రాష్ట్ర యూనివర్సిటీల్లో చాలామంది స్కాలర్లకి అదీ లేక గెస్ట్ క్లాసులు చెప్పుకుంటూ నెట్టుకొస్తారు.

లైబ్రరీలో జర్నల్స్ లేవని సైన్స్ వాళ్లు ఇంకా అంటుంటారు. కేంద్రం పథకం వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ 2025 జనవరి నుంచి మొదలైంది, 30 మంది ప్రచురణకర్తల దాదాపు 13,000 జర్నల్స్ ప్రభుత్వ విద్యాసంస్థలకి అందుతున్నాయి. హాస్టల్ గది నుంచి చదవాలంటే ఇన్‌ఫెడ్ (క్యాంపస్ బయటి నుంచి జర్నల్స్ తెరిచే వ్యవస్థ) లాగిన్ ఇమ్మని లైబ్రేరియన్‌ని అడగండి. దేశంలోని థీసిస్‌లు ఆన్‌లైన్‌లో దొరికే శోధ్‌గంగలో మీ గైడ్ దగ్గర ఇదివరకు చేసినవాళ్ల థీసిస్‌లు వెతకండి, ఆయనకి ఎలాంటి అధ్యాయ విభజన నచ్చుతుందో అర్థమైపోతుంది. ప్లేజియరిజం (ఇతరుల రాతల కాపీ) పరీక్ష గురించి అనవసరంగా టెన్షన్ పడతారు. 2018 నిబంధనల ప్రకారం 10 శాతం వరకు పోలిక ఉంటే శిక్ష లేదు, మూలం చెప్పి ఇచ్చిన ఉటంకింపులు, గ్రంథసూచి లెక్కలోకి రావు. చివరి నెలలో మొత్తం ఒకేసారి పెట్టకుండా అధ్యాయం పూర్తయినప్పుడల్లా లైబ్రరీలో పరీక్ష చేయించుకోండి.

గడువు మామూలుగా ఆరేళ్లు, రీ-రిజిస్ట్రేషన్‌తో ఇంకో రెండేళ్లు. మహిళలకీ, 40 శాతానికి మించి వైకల్యం ఉన్నవాళ్లకీ మరో రెండేళ్ల సడలింపు ఉంటుంది. అన్నీ కలిపినా పదేళ్లు దాటకూడదు. మహిళలకి ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు మొత్తం కోర్సులో 240 రోజుల వరకు ఉంది. అడిగితే ఏమనుకుంటారో అని ఆగకండి, అది హక్కు.

గైడ్ రిటైర్‌మెంట్ తేదీ చేరకముందే కనుక్కోండి. మూడేళ్లలోపు సర్వీసు మిగిలినవాళ్లు కొత్త స్కాలర్లని తీసుకోకూడదు. ఇప్పటికే ఉన్నవాళ్లకి రిటైరయ్యాక కో-సూపర్‌వైజర్‌గా 70 ఏళ్లు వచ్చేదాకా ఉండొచ్చు. గైడ్‌తో పడకపోతే ముందు హెడ్‌ని కలవండి, తర్వాత రాతపూర్వకంగా ఇవ్వండి, ఆవేశంలో వాట్సాప్ మెసేజ్‌లు మాత్రం వద్దు. మనసు బాగా కుంగిపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు, డబ్బులేమీ కట్టక్కర్లేదు.

ఇంకొక్కటి, వైవాలకి, అంటే థీసిస్ మీద జరిగే మౌఖిక పరీక్షలకి వెళ్లండి. ప్రీ-సబ్మిషన్ ప్రెజెంటేషన్, వైవా రెండింటికీ ఇతర స్కాలర్లు వచ్చి కూర్చోవచ్చు. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ మెథడాలజీ మీద ఎక్కడ పట్టుకుంటాడో, సీనియర్ ఎక్కడ తడబడ్డాడో అక్కడే కళ్లారా చూడొచ్చు. ఈ నెల మీ డిపార్ట్‌మెంట్‌లో ఎవరిది ఉందో నోటీసు బోర్డు చూసి, ఓ నోట్‌బుక్ పట్టుకుని వెనక బెంచీలో కూర్చోండి.