చెన్నైలో వ్యాపారం పెడుతున్నారా? ముందు ఏ వైపో తేల్చుకోండి

నెల్లూరు, ఒంగోలు, తిరుపతి వైపు నుంచి చెన్నై వచ్చి ఏదైనా మొదలుపెడదామనుకునేవాళ్లు ఇక్కడున్న మాలాంటివాళ్లను మొదట అడిగేది "అక్కడ ఏ వ్యాపారం బాగా నడుస్తుంది?" అని. చెన్నైలో దాదాపు ఏదైనా నడుస్తుంది, కాకపోతే ఊరికి అన్ని వైపులా నడవదు. అందుకే నన్నడిగితే సరుకు కంటే ముందు తేల్చుకోవాల్సింది వైపు. ఉత్తరమా, పడమరా, దక్షిణమా, పాత ఊరి నడిమధ్యా అన్నది తేలితే అద్దె, పనివాళ్లు, లారీ ఖర్చు, కొనేవాళ్లు అన్నీ సగం తేలిపోయినట్టే. ఇప్పుడు చెన్నై అంటే కార్పొరేషన్ హద్దులు కూడా కాదు. 2022లో సీఎండీఏ (చెన్నై మహానగర అభివృద్ధి సంస్థ) పరిధిని 1,189 చదరపు కిలోమీటర్ల నుంచి 5,904 చదరపు కిలోమీటర్లకు పెంచుతూ ఉత్తర్వులిచ్చారు, తిరువళ్లూరు, కాంచీపురం, చెంగల్పట్టు జిల్లాల్లో పెద్ద భాగం అందులోకి వచ్చింది.

పడమర, నైరుతి వైపు మొత్తం బండ్లదీ, ఫోన్లదీ. శ్రీపెరంబుదూర్ దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో హ్యుందాయ్ 1998 నుంచి కార్లు చేస్తోంది, ఒరగడంలో 2010లో రెనో-నిస్సాన్ వచ్చింది, డైమ్లర్ లారీలు, రాయల్ ఎన్‌ఫీల్డ్ మోటార్‌సైకిళ్లు, ఫాక్స్‌కాన్ ఫోన్లు అన్నీ ఆ చుట్టుపక్కలే. అయితే ఆ పెద్ద కంపెనీల గేటు ముందు ఫైలు పట్టుకుని నిలబడితే ఆర్డర్ రాదు. వాళ్లు కొనేది తమకు నేరుగా పార్టులిచ్చే మొదటి వరుస సరఫరాదార్ల దగ్గర, ఆ సరఫరాదార్లు కొనేది ఇంకో వరుస కిందివాళ్ల దగ్గర. కొత్తగా వచ్చేవాళ్లు పట్టుకోవాల్సింది ఆ రెండో వరుసా, మూడో వరుసా: ప్యాలెట్లు, ప్యాకింగ్ పెట్టెలు, చిన్న ప్రెస్ పార్టులు, టూల్ గ్రైండింగ్, యూనిఫాంలు, క్యాంటీన్, పనివాళ్లకు వ్యాన్లు, హాస్టళ్లు. వీటిలో మనవాళ్లు ఎప్పుడూ చిన్నచూపు చూసే క్యాంటీన్, వ్యాన్ల వ్యాపారాల్లో డబ్బు నెలనెలా తిరుగుతుంది కాబట్టి చేతిలో తక్కువ పెట్టుబడి ఉన్నవాళ్లకు నేను ముందు అవే చెబుతాను.

అంబత్తూర్ సంగతి వేరు. అది 1960ల నుంచి ఉన్న చిన్న పరిశ్రమల ఎస్టేట్, అక్కడ లేత్ పని, ప్లేటింగ్, హీట్ ట్రీట్‌మెంట్, పౌడర్ కోటింగ్ అన్నీ కొద్ది వీధుల్లోనే దొరుకుతాయి. మీ వస్తువుకు నాలుగైదు చేతుల పని అవసరమైతే మిషన్లన్నీ మీరే కొనుక్కోకుండా అంబత్తూర్‌లో ఒక చిన్న షెడ్డు తీసుకుని, మిగతాది జాబ్ వర్క్‌కి, అంటే బయట కూలి మీద చేయించుకోడానికి, ఇచ్చుకుని ఏడాది నడపండి, తర్వాత కొనాల్సిన మిషన్ ఏదో మీకే తెలుస్తుంది.

దక్షిణం వైపు ఓల్డ్ మహాబలిపురం రోడ్డు, 2000లో తెరిచిన టైడెల్ పార్క్, సిరుసేరి, చెంగల్పట్టు దగ్గర మహీంద్రా వరల్డ్ సిటీ. సాఫ్ట్‌వేర్ సేవలు, అకౌంట్స్ అవుట్‌సోర్సింగ్, హోటళ్లు, హాస్టళ్లు అటు. తెలుగు పిల్లలు ఆ రోడ్డు పొడవునా ఉన్నారు, ఆంధ్రా మెస్‌కి కొదవ లేదు కాబట్టి ఇంకో మెస్ పెట్టే ముందు మాత్రం బాగా ఆలోచించండి.

పాత ఊరు, అంటే ప్యారీస్ కార్నర్, షావుకారుపేట, గోవిందప్ప నాయకన్ వీధి, హోల్‌సేల్‌ది. ఎలక్ట్రానిక్స్‌కి రిచీ స్ట్రీట్, బండి స్పేర్ పార్టులకు జనరల్ ప్యాటర్స్ రోడ్డు. అక్కడ కొట్టు దొరకడం కష్టం, దొరికినా బీరువా అంత చోటుకి పెద్ద అద్దె. కానీ ఒక్క మెట్ల కింద చోటు ఉన్నా చాలు, కొనేవాడు వెతుక్కుంటూ వస్తాడు. సరుకును ఊరి బయట గోడౌన్‌లో పెట్టి శాంపిల్స్ మాత్రం కొట్లో పెట్టుకోవడమే అక్కడ పాత వ్యాపారులు చేసే పని.

ఇక ఉత్తరం. మన వాళ్లకు అసలైన వైపు ఇదేనని నా గట్టి నమ్మకం. మాధవరం, రెడ్‌హిల్స్, మనలి, ఎన్నూర్, పొన్నేరి, గుమ్మిడిపూండి. 2018లో ఆంధ్రా బస్సులకు మాధవరంలో ప్రత్యేక బస్టాండ్ కట్టారు, జాతీయ రహదారి 16 నేరుగా నెల్లూరు పోతుంది, గుమ్మిడిపూండి దాకా లోకల్ రైలు ఉంది, పనివాళ్లలో తెలుగు ఇంట్లో మాట్లాడేవాళ్లు బోలెడుమంది. రెడ్‌హిల్స్‌లో బియ్యం మిల్లులకూ మండీలకూ మన వైపు బియ్యంతో ఏనాటి నుంచో సంబంధం. మిరప, బియ్యం, పప్పు, రొయ్యల మేత, వ్యవసాయ పనిముట్లు, ఆంధ్రా నుంచి వచ్చేదీ ఆంధ్రాకు పోయేదీ ఏదైనా సరే, సిటీ మధ్యలోకి అడుగు పెట్టకుండా ఇక్కడే అమ్ముకుని రావచ్చు. రద్దీ గంటల్లో పెద్ద లారీలను సిటీలోకి రానివ్వరు, అందుకని మౌంట్ రోడ్డు దగ్గర గోడౌన్ పెట్టినవాడి లారీ రాత్రి దాకా ఊరి బయట నిలబడి ఉంటే, మాధవరంలో పెట్టినవాడి లారీ ఆ పాటికి సరుకు దించి వెనక్కి తిరిగి గూడూరు దాటి ఉంటుంది.

ఉత్తరానికే ఇంకో లాభం, హద్దుకు అవతల శ్రీసిటీ. అది తిరుపతి జిల్లాలో, చెన్నైకి సుమారు 55 కిలోమీటర్ల దూరంలో ఉంది, ఇసుజు, ఆల్‌స్టామ్, డైకిన్, కొబెల్కో కంపెనీల ఫ్యాక్టరీలు అక్కడే ఉన్నాయి. చెన్నై ఓడరేవులూ చెన్నై ఎయిర్‌పోర్టూ వాడుకుంటూ ఆంధ్ర ప్రభుత్వ రాయితీల కింద నడుస్తున్న ఊరు అది. మీరు గుమ్మిడిపూండిలో ఉంటే రెండు రాష్ట్రాల ఫ్యాక్టరీలూ మీకు దగ్గరే. ఇక్కడే జీఎస్టీ లెక్క సరిగ్గా అర్థం చేసుకోవాలి. ఆంధ్రాలో ఉన్న నంబర్ (37తో మొదలయ్యేది) పెట్టుకుని తమిళనాడు గోడౌన్ నుంచి బిల్లు కొట్టడం కుదరదు, ఇక్కడికి 33తో మొదలయ్యే వేరే నంబర్ తీసుకోవాలి. మీ సొంత ఆంధ్రా గోడౌన్ నుంచి సొంత చెన్నై గోడౌన్‌కు సరుకు పంపినా అది అమ్మకం కింద లెక్కే, ఐజీఎస్టీ (రాష్ట్రం దాటే సరుకుకు వేసే జీఎస్టీ) వేసి పంపి, ఆ పన్నును ఇక్కడ క్రెడిట్‌గా తీసుకోవాలి. కాంపోజిషన్ స్కీమ్‌లో (చిన్న వ్యాపారులు అమ్మకం మీద కొద్ది శాతం పన్ను కట్టే పద్ధతి) ఉన్నవాళ్లు హద్దు దాటి సరుకు అమ్మకూడదు, మన ఊళ్లలో చిన్న మిల్లులు చాలావరకు దీని దగ్గరే ఇరుక్కుంటాయి, కాబట్టి చెన్నైకి అమ్మాలనుకున్న రోజే రెగ్యులర్‌కి మారిపోండి. రాష్ట్రం దాటే సరుకు విలువ 50,000 రూపాయలు దాటితే ఈ-వే బిల్లు (సరుకుతో పాటు ఉండాల్సిన ఆన్‌లైన్ రవాణా పత్రం) ఉండాలి, తమిళనాడు లోపల తిరిగే సరుకుకు ఆ హద్దు లక్ష.

వైపు తేలింది, ఇప్పుడు స్థలం. సిప్‌కాట్ (తమిళనాడు ప్రభుత్వ పరిశ్రమల సంస్థ) పార్కుల్లో ప్లాట్లు 99 ఏళ్ల లీజుకు ఇస్తారు, కాగితాలు శుభ్రంగా ఉంటాయి. ప్రైవేటు స్థలమైతే పట్టా, చిట్టా (రెవెన్యూ రికార్డు), ఈసీ (స్థలం మీద జరిగిన లావాదేవీలు చూపేది), ఎఫ్ఎంబీ స్కెచ్ (సర్వే కొలతల పటం) నాలుగూ చూడకుండా అడ్వాన్స్ ఇవ్వొద్దు, అది సీఎండీఏ అనుమతి ఉన్నదా లేక డీటీసీపీ (సీఎండీఏ పరిధి బయట అనుమతులిచ్చే నగర ప్రణాళిక శాఖ) అనుమతి ఉన్నదా, పరిశ్రమకు వాడొచ్చా లేదా అన్నదీ రాతలో ఉండాలి. రెడ్‌హిల్స్ చెరువు ఊరికి తాగునీరిచ్చేది కాబట్టి దాని పరీవాహక ప్రాంతంలో కట్టడాలకు ఆంక్షలున్నాయి, చవగ్గా వస్తోందంటే ముందు ఆ సంగతి అడగండి. కాలుష్య నియంత్రణ మండలి లెక్కలో మీ పని తెలుపు (కాలుష్యం అతి తక్కువ), ఆకుపచ్చ, నారింజ, ఎరుపు (అతి ఎక్కువ) రంగుల్లో దేని కిందకు వస్తుందో లీజు మీద సంతకం పెట్టకముందే తెలుసుకోవాలి, ఎరుపైతే చాలా స్థలాలు అక్కడికక్కడే జాబితాలోంచి పోతాయి.

అద్దె షెడ్డుకు అడ్వాన్స్ పది నెలలు అడగడం చెన్నై అలవాటు. బేరం ఆడితే తగ్గుతారు, మొహమాటపడొద్దు. 2019 నుంచి అమల్లో ఉన్న అద్దె చట్టం ప్రకారం ఒప్పందం రాతలో ఉండాలి, రెంట్ అథారిటీ దగ్గర నమోదు చేయించాలి. ఓనర్ వద్దన్నా మీరు పట్టుబట్టండి. కరెంటు బిల్లు ఇక్కడ చిన్న కనెక్షన్లకు సాధారణంగా రెండు నెలలకోసారి వస్తుంది, మనవైపు లాగా నెలనెలా కాదు, ఆ లెక్కతో డబ్బు పక్కన పెట్టుకోవాలి. కనెక్షన్ ఏ క్యాటగిరీలో ఉందో మీటర్ నంబర్‌తో సహా ఒప్పందంలో రాయించండి.

నీళ్ల గురించి కాస్త ఎక్కువే చెబుతాను, ఎందుకంటే ఇక్కడ మునిగిపోయిన వ్యాపారాల్లో చాలావాటిని ముంచింది నష్టం కాదు, వాన. ఆంధ్రాలో చాలాచోట్ల వాన జూన్‌లో మొదలైతే, ఇక్కడ నెల్లూరు వైపు లాగే ఎక్కువగా అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా పడుతుంది, అదీ దీపావళి సరుకు గోడౌన్ నిండా ఉన్నప్పుడు. 2015 డిసెంబర్ వరద, 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుపాను, రెండుసార్లూ షెడ్లలోకి నీళ్లొచ్చాయి, మిచౌంగ్‌కి అంబత్తూర్ ఎస్టేట్ చాలావరకు నీళ్లలోనే ఉండిపోయింది. షెడ్డు చూడ్డానికి వెళ్లినప్పుడు ముందు వెనక గోడ చూడండి. కొత్త సున్నం కింద కూడా నడుము ఎత్తులో అడ్డంగా ఒక గోధుమరంగు గీత లీలగా కనబడుతుంది, షట్టర్ పట్టాల అడుగున తుప్పు ఆ ఎత్తు దాకా పొరలు పొరలుగా ఊడుతుంటుంది, స్విచ్‌బోర్డులు మాత్రం తల పైన కొత్తగా మెరుస్తుంటాయి. బోర్డులు ఎందుకు పైకి మార్చారని అడిగితే చాలు. తర్వాత ఎదురుగా ఉన్న టీ కొట్టతన్ని అడగండి, బ్రోకర్ చెప్పనిది అతను చెబుతాడు. ఎంత మంచి షెడ్డయినా సరుకు ర్యాకుల మీదే పెట్టండి, స్టాక్‌కీ మిషన్లకూ చేసే ఇన్సూరెన్స్‌లో వరద కలిసి ఉందో లేదో పాలసీ కాగితం చదివి చూడండి. ఇంకోవైపు 2019 ఎండాకాలంలో ఇదే ఊరు చుక్క నీటికి అల్లాడింది, కాబట్టి నీళ్లు ఎక్కువ పట్టే పనైతే ట్యాంకర్ ఖర్చు మొదటి నుంచే లెక్కలో వేసుకోవాలి.

కాగితాల పని భయపడినంత ఉండదు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థల నమోదు) ప్రభుత్వ సైట్‌లో ఉచితం, డబ్బులడిగే సైట్లన్నీ మధ్యవాళ్లవి. ఫ్యాక్టరీ అనుమతులకు తమిళనాడు సింగిల్ విండో పోర్టల్ ఉంది, కార్పొరేషన్ ట్రేడ్ లైసెన్స్ ఆన్‌లైన్‌లో వస్తుంది, తిండి వ్యాపారమైతే ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత) లైసెన్స్ కావాలి. ప్రొఫెషనల్ ట్యాక్స్ ఇక్కడ ఆరు నెలలకోసారి కట్టాలి, చాలామంది మర్చిపోతారు.

ఎగుమతి చేయాలంటే మూడు రేవులున్నాయి: పాత చెన్నై రేవు, ఎన్నూర్‌లో కామరాజర్ రేవు, దాని పక్కనే కాట్టుపల్లి. మీ క్లియరింగ్ ఏజెంట్‌ని అడగాల్సింది "రేటెంత" అని కాదు, "నేను పంపే దేశానికి ఓడ ఏ రేవు నుంచి పోతుంది, అక్కడి కంటైనర్ యార్డ్ చార్జీలు, ఆలస్యమైతే పడే డిటెన్షన్ చార్జీ అన్నీ కలిపి ఎంత" అని. చెన్నై రేవు ఊరి నడుమ ఉంది కాబట్టి గేటు దగ్గర లారీ క్యూలు తప్పవు, సరుకు ఓడ కటాఫ్‌కి (సరుకు రేవుకు చేరాల్సిన ఆఖరు గడువుకి) రెండు రోజుల ముందే బయల్దేరేట్టు చూసుకుంటే టెన్షన్ ఉండదు. ఐఈసీ కోడ్ (ఎగుమతి, దిగుమతులకు కావాల్సిన నంబర్) ఫీజు 500 రూపాయలే, కానీ ఏటా ఏప్రిల్ నుంచి జూన్ లోపు దాన్ని అప్‌డేట్ చేయకపోతే ఆగిపోతుంది.

అమ్మకాలు మొదలయ్యాక ఒకే పెద్ద కంపెనీ మీద ఆధారపడకండి. నోకియా ఫ్యాక్టరీ 2014లో ఆగినప్పుడూ, ఫోర్డ్ 2022లో మరైమలై నగర్‌లో కార్లు ఆపేసినప్పుడూ వాటి చుట్టూ అల్లుకున్న చిన్న యూనిట్లకు ఒక్కసారిగా పని పోయింది. ఒక్క కొనుగోలుదారు మీ అమ్మకంలో సగం దాటితే ఆ రోజే ఇంకొకర్ని వెతకడం మొదలుపెట్టండి. బకాయిల విషయంలో చట్టం మీ వైపే ఉంది: మీరు తయారీ లేదా సేవల్లో ఉన్న సూక్ష్మ, చిన్న సంస్థ అయితే, రాత ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో డబ్బు రావాలి, ఆ గడువు దాటి మార్చి ఆఖరుకి కూడా కట్టకపోతే ఆ ఖర్చును వాళ్లు ఆ ఏడాది ఆదాయ పన్ను లెక్కలో తగ్గించుకోలేరు. మార్చి నెలలో ఈ మాట మర్యాదగా ఒక మెయిల్‌లో గుర్తుచేస్తే ఆగిన చెక్కులు చాలావరకు కదులుతాయి. ఇన్‌వాయిస్ మీద ఉద్యమ్ నంబర్ వేయడం మాత్రం మానొద్దు.

తమిళం నేర్చుకోండి. తెలుగుతో ఉత్తరం వైపు బండి నడుస్తుంది కానీ ఈబీ (కరెంటు) ఆఫీసులో, లారీ షెడ్డులో, పనివాళ్లతో పేచీ వచ్చినప్పుడు "అణ్ణా" అని తమిళంలో నాలుగు ముక్కలు మాట్లాడేవాడి పని ముందు అవుతుంది. కొట్టు బోర్డు మీద తమిళం పెద్దగా, మొదట ఉండాలన్నది నిబంధన, తెలుగు దాని కిందే రాయించుకోండి. కొట్లలో పనిచేసేవాళ్లకు కూర్చునే వీలుండాలని 2021లో చట్టం చేశారు, ఆ స్టూళ్లు బోర్డుతో పాటే కొనేయండి. పొంగల్ వారం పనివాళ్లు ఊళ్లకు పోతారు, ఆర్డర్లు ఆ వారానికి ఒప్పుకోకండి, దీపావళి బోనస్‌కి డబ్బు ఆగస్టు నుంచే విడిగా తీసిపెట్టుకోండి.