ఎండాకాలంలో పిల్లాడితో గ్యొంగ్‌బొక్‌గుంగ్

సియోల్‌లో ఆగస్టు ఎండ మనకి కొత్త కాదనుకున్నాను. కానీ అక్కడిది ఉక్క. మా నాలుగేళ్ళ వాడు పావుగంటకే చంకెక్కేశాడు. అందుకే చెప్తున్నాను: గ్యొంగ్‌బొక్‌గుంగ్ అనే ఈ పాత రాజుల ప్యాలెస్‌కి వెళ్తే, తొమ్మిదింటికి గేటు తీసేసరికి అక్కడుండండి. మంగళవారం మాత్రం వెళ్ళకండి, సెలవు.

మూడో లైన్ మెట్రోలో గ్యొంగ్‌బొక్‌గుంగ్ స్టేషన్‌లో దిగి, ఐదో ఎగ్జిట్‌లో పైకి వస్తే ప్యాలెస్ పక్కనే తేలతారు. పెద్దవాళ్ళకి టికెట్ 3,000 వాన్లు. హాన్‌బొక్ (కొరియా సంప్రదాయ దుస్తులు) వేసుకుంటే టికెట్ అక్కర్లేదు, కానీ ఆ ఎండలో పిల్లాడికి అన్ని పొరలా? వద్దు.

ముందు సింహాసనం ఉన్న గున్‌జొంగ్‌జొన్ మందిరం చూసేయండి. దాని ముందున్న రాళ్ళు పరిచిన ఆవరణలో చెట్టన్నది లేదు, పదకొండు దాటితే పెనమే. పైగా ఎగుడుదిగుడు రాళ్ళు, స్ట్రోలర్ చక్రాలు గడగడలాడతాయి. మెట్ల దగ్గర రాతి రెయిలింగ్ మీద అక్కడి రాశిచక్రం జంతువుల బొమ్మలుంటాయి. "కోతిని కనిపెట్టు" అన్నాను, అంతే, మావాడు ఏడుపు మర్చిపోయి ఒక్కో బొమ్మ ముక్కూ తడిమి చూశాడు. ఎండకి రాయి కాలుతుంది, ముందు మీరు ముట్టుకుని చూడండి.

పది గంటలకి ప్యాలెస్ కాపలా భటుల మార్పిడి వేడుక ఉంటుంది. డప్పుల మోత దగ్గర్నించి వింటే చిన్నపిల్లలు జడుసుకుంటారు, కాస్త దూరంగా నిలబడండి.

తర్వాత ప్యాలెస్ ఆవరణలోనే ఉన్న జానపద మ్యూజియంలోకి దూరిపోండి. ఏసీ, ప్రవేశం ఉచితం, పిల్లల మ్యూజియం కూడా ఉంది. మిగతా మందిరాలా? మేం చూడలేదు.