ఉప్పుగాలిలో ఇనుప గేటుకు ఎనామిల్ వేయడం

కాకినాడలో ఇనుప గేటు ఉన్నవాడికి పెయింటు డబ్బాతో చుట్టరికం తప్పదు. మొదటిసారి నేనే వేసుకున్నప్పుడు, పని తెమిలిపోతుందని చిక్కగా ఒకే పూత దట్టించాను. మూడో రోజుకు గేటంతా ముడతలు. పాతికేళ్లు రసాయనశాస్త్రం చెప్పినవాడు చేయవలసిన పని కాదది.

సింథటిక్ ఎనామిల్ తడిబట్టలా ఆరదు. అందులోని ఆల్కిడ్ రెజిన్‌ను, అంటే ఆరాక పొరగా నిలిచే జిగురు పదార్థాన్ని, గ్లిజరిన్ వంటి ఆల్కహాలు, థాలిక్ అన్‌హైడ్రైడ్, అవిసె లేదా సోయా నూనెలతో వండుతారు. పూశాక ముందు పలుచన చేసే టర్పెంటైన్ ఆవిరవుతుంది. తర్వాత నూనె భాగం గాలిలోని ఆక్సిజన్‌ను పట్టుకుని, అణువులు ఒకదానికొకటి ముడిపడి గట్టిపడతాయి. మూత సరిగా పెట్టని డబ్బాలో మీగడ కట్టేది అందుకే. మందంగా పూస్తే గేటు మీదా అదే మీగడ; కింద పచ్చిగానే ఉంటుంది, పైపొర ముడుచుకుంటుంది.

తుప్పును తీగ బ్రష్షుతో గీకి, 120 నంబరు ఎమెరీ కాగితంతో రుద్దండి. పాత పూతలుంటే తడిపి రుద్దండి, మాస్కు పెట్టుకోండి. ఇళ్ల పెయింట్లలో విషపూరితమైన సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90) మించరాదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచే అమలైంది. అంతకుముందు పూతలను నమ్మలేం. తర్వాత మంచినీళ్లతో కడగండి. ఈ పని చాలామంది మానేస్తారు. పూత కింద మిగిలిన ఉప్పు తేమను లాగి బొబ్బలు లేపుతుంది. బాగా ఎండబెట్టి, రెడాక్సైడ్ ప్రైమర్ (ఇనుముకు వేసే ఎర్రటి అడుగు పూత) అదే రోజు వేయాలి. ఒక్క రాత్రి వదిలినా మా ఊళ్లో మళ్లీ ఎర్రబడుతుంది.

మర్నాడు 320 నంబరుతో తేలికగా రుద్ది, ఎనామిల్‌లో పదో వంతు మినరల్ టర్పెంటైన్ కలిపి పలుచగా పూయండి. ఎన్‌సీ థిన్నర్ (నైట్రోసెల్యులోజ్ లాకర్లకు వాడే ఘాటైన ద్రావకం) కలపవద్దు, కింది పూత ఉబ్బి లేస్తుంది. రెండో పూత ఆ మర్నాడే. సాయంత్రం నాలుగు దాటితే నేను బ్రష్షు ముట్టను. మంచు పడితే మెరుపు పోతుంది.

మిగిలిన పెయింటును కొత్త సిమెంటు గోడకు వేయవద్దు. సిమెంటులోని సున్నం నూనెను సబ్బుగా మార్చేస్తుంది, పూత ఊడుతుంది. జింకు రేకు మీద నేరుగా వేసినా ఇంచుమించు ఇదే గతి.

తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూల పడేయకండి. నూనె ఆక్సిజన్‌ను పట్టేటప్పుడు వేడి పుడుతుంది, వాటంతటవే అంటుకోవచ్చు. నేను వాటిని పెరట్లో దండెం మీద విడివిడిగా ఆరేస్తాను. మా ఆవిడకు ఆ దండెం అస్సలు నచ్చదు.