సుడో: అడ్మిన్ అధికారం పని ఉన్నంతసేపే

లినక్స్‌లో యూజర్ సంఖ్య 0 గా ఉండే రూట్ ఖాతా ఏ ఫైలునైనా తెరవగలదు, చెరపగలదు. అందుకే రూట్‌గా లాగిన్ అయి కూర్చోకుండా, మన ఖాతాలోనే ఉండి, అవసరమైన ఒక్క ఆదేశం ముందు మాత్రం, దాన్ని రూట్ అధికారంతో నడిపే సుడో అనే ఆదేశాన్ని చేర్చుకోవడం మేలు. అది అడిగేది సాధారణంగా రూట్ పాస్‌వర్డ్ కాదు, మన పాస్‌వర్డే. టైప్ చేస్తుంటే చాలా యంత్రాల్లో తెరపై చుక్క కూడా పడదు. నల్గొండలోని మా ల్యాబ్‌లో కొత్త పిల్లలు కీబోర్డు పాడైందని నన్ను పిలిచేది ఇక్కడే.

ఎవరికైనా ఈ అధికారం ఇవ్వాలంటే వారిని ఉబుంటు, డెబియన్ అనే లినక్స్ రకాల్లో సుడో గ్రూపులో, ఫెడోరా రకంలో వీల్ గ్రూపులో చేర్చాలి. అందుకు ఖాతా వివరాలు మార్చే యూజర్‌మాడ్ ఆదేశానికి హైఫన్ పెట్టి చిన్న ఏ, పెద్ద జీ జోడిస్తాము. ఆ చిన్న ఏ మరిచిపోతే కొత్త గ్రూపు ఒక్కటే మిగిలి, అంతకుముందున్న అదనపు గ్రూపులన్నీ ఊడిపోతాయి. నేను ఒకసారి నా ఖాతాను డాకర్ (ప్రోగ్రాములను విడివిడి కంటైనర్లలో నడిపే సాధనం) గ్రూపులో చేర్చబోయి సరిగ్గా ఇదే చేశాను. మర్నాడు లాగిన్ కాగానే, ఎవరు సుడో వాడవచ్చో రాసి ఉండే సుడోయర్స్ ఫైలులో నా పేరు లేదని సుడో మొహం మీదే చెప్పింది. రికవరీ మోడ్‌లోకి వెళ్లి మళ్లీ చేర్చుకోవలసి వచ్చింది. డాకర్ గ్రూపు సభ్యత్వం కూడా రూట్ అధికారంతో సమానమే కనుక, దానిని అడిగిన వారికల్లా ఇవ్వరాదు.

సుడోయర్స్ ఫైలును మామూలు ఎడిటర్‌తో తెరవకండి. అందుకోసమే ఉన్న విసుడో ఆదేశంతో తెరిస్తే, భద్రపరిచే ముందు వాక్యనిర్మాణం సరిచూసి, తప్పుంటే చెబుతుంది. ఆ హెచ్చరికను కాదని తప్పుతోనే భద్రపరిస్తే సుడో పనిచేయకుండా పోవచ్చు.

ఎకో అంటే మనమిచ్చిన పాఠాన్ని తిరిగి చూపే ఆదేశం. సుడో ఎకో అని రాసి, బాణం గుర్తుతో సిస్టం సెట్టింగులుండే ఈటీసీ ఫోల్డరులోని ఫైలుకు పంపితే అనుమతి లేదనే జవాబు వస్తుంది. ఆ ఫైలును తెరిచేది మన ఆదేశాలను అందుకుని నడిపే షెల్, అధికారం అందిందేమో ఎకోకు. ఎకో ఫలితాన్ని పైపు (నిలువు గీత గుర్తు) ద్వారా సుడో టీకి, అంటే వచ్చినదాన్ని ఫైలులో రాసే టీ ఆదేశానికి సుడో చేర్చి, అందిస్తే పని జరుగుతుంది. టీకి హైఫన్ ఏ పెట్టకపోతే ఫైలులోని పాత పాఠం చెరిగిపోతుంది.

ఒకసారి పాస్‌వర్డ్ ఇచ్చాక ఉబుంటులో 15 నిమిషాల వరకు అదే టెర్మినల్‌లో సుడో మళ్లీ అడగదు. పదిమంది తిరిగే ల్యాబ్‌లో చాయ్‌కి లేచేముందు, ఆ గడువును రద్దు చేసే సుడో హైఫన్ కె కొట్టి, తెరకు తాళం వేసి వెళ్లండి.