శరణార్థులను, విదేశీ కార్మికులను పనిలోకి తీసుకునే ముందు జాగ్రత్తలు

వెల్డర్లు, నర్సులు దొరక్క విదేశాల వైపు చూస్తున్నారా? ప్రకటన ఇవ్వకముందే ఇవి చూసుకోండి.

• పని చేసే హక్కు: శరణు మంజూరైన వారు, దరఖాస్తు ఇంకా తేలని వారు ఒకటి కాదు. 1951 శరణార్థుల ఒప్పందం 17వ అధికరణంలో ఉద్యోగ హక్కు ఉంది గానీ, ఆచరణలో ఒక్కో దేశానిది ఒక్కో నిబంధన. అనుమతి పత్రంలో గడువు, షరతులు చదవండి.

• ఏజెంటు: ఎక్కువ అన్యాయం జరిగేది ఇక్కడే, తొందరపడొద్దు. నియామక రుసుము కార్మికుడి నుంచి వసూలు చేయకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1997 నాటి 181వ ఒప్పందం చెబుతోంది. అయినా గుంజుతూనే ఉంటారు. ఏజెంటు పక్కన లేనప్పుడు, అభ్యర్థి భాషలోనే "ఎవరికి ఎంత కట్టారు?" అని అడగండి. అప్పు చేసి వచ్చిన మనిషి, జీతం కోసినా నోరు విప్పలేడు.

• సర్టిఫికెట్లు: ప్రాణాలు అరచేత పట్టుకుని వచ్చినవాళ్ల దగ్గర కాగితాలు ఉండకపోవచ్చు. అంతమాత్రాన పక్కన పెట్టకండి. వెల్డరైతే రెండు ఇనుప పలకలు ఇచ్చి అతికించమనండి. అతుకు సమంగా సాగిందా, చివర పగులు ఉందా అన్నది కంటికే కనిపిస్తుంది. నర్సుకు మాత్రం మీ దేశపు లైసెన్సు ఉండాల్సిందే.

• ఒప్పందం వారి భాషలో, బయలుదేరకముందే ఇవ్వండి. జీతం స్థానికులతో సమానం.

• పాస్‌పోర్టు మీ బీరువాలో పెట్టుకోవద్దు, భద్రత కోసమైనా సరే.

• శరణార్థి వివరాలు ఆరా తీయడానికి వారి స్వదేశపు రాయబార కార్యాలయానికి ఫోన్ చేయకండి. అక్కడ మిగిలిన కుటుంబం ప్రమాదంలో పడొచ్చు.